జవాబు లేని మాట

“ఇంక వితండవాదం చెయ్యకు” అనే మాట మన ఇళ్ళల్లో రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? నేనూ పెట్టలేదనుకోండి. కాని ఆ మాట ఎవరు ఎవరితో అంటారో మాత్రం గమనించాను. మొగుడు పెళ్ళాంతో అంటాడు. తండ్రి కూతురితో అంటాడు. ఉద్యోగస్తుడైన కొడుకు పెన్షను లేని తల్లితో అంటాడు. పెళ్ళాం మొగుడితో అనగా నేనింతవరకు వినలేదు. ఆవిడ “సరే, మీ ఇష్టం” అంటుంది.

అసలు వితండ అంటే మనం అనుకునే మొండితనం కాదు. న్యాయసూత్రాలు రాసిన గౌతముడు మాటల పోరాటాన్ని మూడు రకాలు చేశాడు. నిజమేదో తేల్చుకుందామని ఇద్దరూ కూర్చుని చేసేది వాదం. ఎలాగైనా సరే గెలిచి తీరాలని చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా, ఎదుటివాడు చెప్పిందల్లా పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే అది వితండ. అంచేత ఈసారి మిమ్మల్నెవరైనా ఆ మాటంటే, “నాకో పక్షం వుందండీ, అది ఫలానా” అని చెప్పి చూడండి. ఏమయిందో నాకు ఉత్తరం రాయనక్కర్లేదు, తెలుసు.

ఇప్పుడీ పురాణం ఎందుకంటే, మనుషులు చేసే వాదనల్ని బొమ్మగా గీసి, అందులో ఏది నిలబడుతుందో ఏది కూలిపోతుందో లెక్కగట్టి చెప్పే కంప్యూటరు ప్రోగ్రాములు వచ్చాయి. ఎం.టెక్. చదువుతున్న మా అమ్మాయి వాటితో కుస్తీ పడుతుంటే, పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేనూ చూశాను. మొదట ముగ్గు వేస్తోందేమో అనుకున్నాను. తెరనిండా సున్నలు, సున్నకీ సున్నకీ మధ్య బాణాలు. చుక్కలు కలపడం మనకేం కొత్త గనకనా!

ఈ ముగ్గుకి మూలపురుషుడు ఫాన్ మిన్ డుంగ్ అనే వియత్నాం పండితుడు. బాంకాక్ దగ్గరున్న ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తూ 1995 లో ఒక వ్యాసం రాశాడు. ఆయన చేసిన పని చాలా చిన్నగా కనబడుతుంది. ఒక్కొక్క వాదన లోపల ఏముందో కాసేపు మరిచిపోండి, ఏది దేన్ని దెబ్బకొడుతోందో అది మాత్రం చూడండి, అన్నాడు. ఒక్కో వాదన ఒక్కో సున్న. దెబ్బకొడితే బాణం. ఇక తీర్పు ఎలాగంటే, ఏ బాణమూ తగలని సున్న నిలబడుతుంది. అది ఎవరిమీద బాణం వేసిందో ఆ సున్న పడిపోతుంది. పడిపోయినదాని బాణానికి పస వుండదు కనక, దాని దెబ్బ తిన్నది మరో దెబ్బ లేకపోతే లేచి నిలబడుతుంది. అంతే. ఎవరు గట్టిగా అరిచారు, ఎవరు పెద్దవారు, ఎవరు చివర మాట్లాడారు అనే ప్రశ్నే లేదు.

మనకందరికీ తెలిసిన ఏడు చేపల కథ చూడండి. ఎండని చేపది తప్పని రాజకుమారుడంటాడు. కాదు, మోపుది తప్పని చేప అంటుంది. మోపు ఆవుమీదికి, ఆవు పాలేరుమీదికి, పాలేరు అమ్మమీదికి, అమ్మ పిల్లాడిమీదికి, పిల్లాడు చీమమీదికి తోస్తారు. చీమ మాత్రం ఎవరిమీదికీ తొయ్యదు. నా పుట్టలో వేలెడితే నేనేం చెయ్యాలని అడుగుతుంది. ఎనిమిది సున్నలు, ఏడు బాణాలు. చీమ మాటకు జవాబు లేదు గనక అది నిలిచింది. అక్కణ్ణించి వెనక్కి లెక్కగట్టుకుంటూ రండి. పిల్లాడి మాట పడింది, అమ్మ మాట నిలిచింది, పాలేరుది పడింది, ఆవుది నిలిచింది, మోపుది పడింది, చేపది నిలిచింది. రాజకుమారుడి ఆరోపణ పడిపోయింది. ఇన్నేళ్ళకు చేప నిర్దోషి అని తేలినందుకు నాకు సంతోషం వేసింది.

మా అమ్మాయి మాత్రం వొప్పుకోలేదు. “చీమ కుట్టిందని పిల్లాడన్నాడు. కుట్టలేదని చీమ అనలేదు కదమ్మా, ఎందుకు కుట్టిందో చెప్పింది. అది దెబ్బ ఎలా అవుతుంది? అక్కడ బాణం గీసింది నువ్వు” అంది. నిజమే. లెక్క యంత్రానిది, బాణం మనిషిది. ఈ విద్యలో అసలు చిక్కంతా అక్కడే వుంది. గీసినవాడి చేతిలో పక్షపాతం వుంటే, యంత్రం ఆ పక్షపాతాన్నే తప్పు లేకుండా లెక్కగడుతుంది.

సున్నలు పది వుంటే చేత్తోనే తేల్చుకోవచ్చు. ఇద్దరు వొకరిమీద వొకరు బాణాలు వేసుకుని కూర్చుంటే? అప్పుడు రెండూ తేలనివిగా బూడిదరంగులో మిగిలిపోతాయి, లేదా ఇటో తీర్పు అటో తీర్పు రెండూ కుదురుతాయి. ముగ్గురు గుండ్రంగా నిలబడి పక్కవాడిమీద వేస్తే? మూడూ తేలవు. ఇలాంటి ముడులు వందలకొద్దీ పడితే తేల్చడం పెద్ద యంత్రాలకూ కష్టమేనట. అందుకని వియెన్నాలో ఆస్పార్టిక్స్ అనీ, ఇటలీలో పెరూజియావాళ్ళు కాన్‌ఆర్గ్ అనీ, ముడులు విప్పే ప్రోగ్రాములు తయారుచేశారు. 2015 నుంచి వీటికి రెండేళ్ళకోసారి అంతర్జాతీయ పోటీ కూడా పెడుతున్నారు. మనుషులు పోట్లాడుకోవడానికి ఏ పోటీలూ అక్కర్లేదు, పోట్లాట తేల్చడానికి మాత్రం కావలసి వచ్చింది!

ఇవి లెక్కలు కట్టేవి. బొమ్మలు గీసేవి మరో రకం. స్కాట్లండులో డండీ విశ్వవిద్యాలయంవాళ్ళు 2000 దశకం మొదట్లో ఆరకేరియా అని ఒకటి చేశారు. అది ఒక చెట్టు పేరు. మన నర్సరీల్లో క్రిస్మస్ చెట్టని కుండీల్లో పెట్టి అమ్ముతారే, దాని జాతి. కొమ్మకింద కొమ్మగా వాదన కూడా అలాగే దిగుతుందని కాబోలు. తరవాత వాళ్ళే ఓవా అని ఇంకోటి చేశారు. ఎడంపక్క వ్యాసం పెట్టుకుని, కావలసిన వాక్యాన్ని గుర్తుపెడితే, కుడిపక్క అది పెట్టెగా మారుతుంది. బలపరిచే మాటకు ఆకుపచ్చ, కాదనే మాటకు ఎరుపు. బి.బి.సి. రేడియోలో ‘మోరల్ మేజ్’ అని ధర్మసందేహాలమీద వాడిగా వాదించుకునే కార్యక్రమం వుంది. 2012 లో దాన్ని వింటూ వింటూనే, గోడంత తెరమీద కొందరు కలిసి ఆ వాదనంతా బొమ్మగా గీసేశారు. విన్నప్పుడు నాకొకటే అనిపించింది. మన టీ.వీ. చర్చలకు ఇలా గీస్తే పెట్టెలకన్నా కేకలే ఎక్కువ మిగులుతాయి.

కంప్యూటరు లేనప్పుడు మాత్రం ఇలాంటివి లేవా? అమెరికాలో విగ్మోర్ అనే న్యాయశాస్త్రజ్ఞుడు కోర్టు సాక్ష్యాలను గీతలతో పటంగా గీయడం 1913 లోనే చూపించాడు. మన సంగతికి వస్తే, తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు ఆంధ్రుడే. కొండమీద నిప్పుంది, ఎందుకంటే పొగ వుంది. పొగ వున్నచోట నిప్పుంటుందని ఎలా తెలుసు, వంటింట్లో చూశాం గనక. ఇదీ ఆ పుస్తకంలో పేరుపొందిన ఉదాహరణ. అంటే మన తర్కశాస్త్రం వంటింటి సాక్ష్యం లేకుండా ఒక్క అడుగు వెయ్యలేదన్నమాట. నిప్పున్నచోటల్లా పొగ వుండాలని లేదు, ఎర్రగా కాలిన ఇనపగుండు చూడు, అనీ. తడికట్టెలైతేనే పొగ వస్తుంది, అనీ వాళ్ళు చెప్పారు. ఆ ముక్క కట్టెలపొయ్యి వూదిన ప్రతి ఇల్లాలికీ తెలుసు. శాస్త్రం రాసేటప్పుడు ఆవిణ్ణి పిలవలేదంతే.

యంత్రం తానే వాదిస్తే ఎలా వుంటుందో కూడా చూశారు. 2019 ఫిబ్రవరిలో సాన్‌ఫ్రాన్సిస్కోలో ఐ.బి.ఎం. వారి ‘ప్రాజెక్ట్ డిబేటర్’ హరీష్ నటరాజన్ అనే వక్తతో తలపడింది. పసిపిల్లల బడులకు ప్రభుత్వం డబ్బు సాయం చెయ్యాలా అన్నది విషయం. చెయ్యాలని యంత్రం, అక్కర్లేదని అతను. మొదట్లో సభలో 79 శాతం మంది చెయ్యాలన్నవారే, 13 శాతం మంది కాదన్నవారు. ఆఖరున అవి 62, 30 అయ్యాయి. గెలుపు మనిషిదే. ఆ యంత్రం దగ్గర లెక్కలేనన్ని వ్యాసాలు, అంకెలు వున్నాయి. అయినా ఎదుటిమనిషి అన్నదాన్ని పట్టుకుని దానికే సూటిగా జవాబు చెప్పడంలో అతనిది పైచేయి అయిందని నాకు అనిపించింది.

ఇప్పుడు మాటల్లోంచి వాదనల్ని యంత్రమే ఏరుకునే విద్య కూడా పెరుగుతోంది. గని తవ్వడంతో పోల్చి ఆర్గ్యుమెంట్ మైనింగ్ అంటారు. బాగానే వుంది గాని, మన “సరే, మీ ఇష్టం” దాని చేతిలో పడితే ఏమవుతుంది? ఆకుపచ్చ పెట్టెలో పెట్టి, ఆవిడ వొప్పుకుంది అని రాస్తుంది. అది ఎంత పెద్ద ఎర్రబాణమో మనకు తెలియదూ?

ఇంకొక్క సంగతి చెప్పి మా ఇంటి గొడవలోకి వస్తాను. లివర్‌పూల్‌లో బెంచ్-కాపన్ అనే ఆయన 2003 లో ఈ బాణాల లెక్కకు ఒక సవరణ చేశాడు. వాదనలన్నీ ఒకే విలువకోసం చేసేవి కావు, కనక తగిలిన ప్రతి బాణమూ గుచ్చుకోదు అన్నాడు. ఆయన వాడిన కథ ఇదీ. హాల్ అనే చక్కెరజబ్బు మనిషి తన తప్పేమీ లేకుండానే ఇన్సులిన్ పోగొట్టుకుంటాడు. కార్లా అనే ఆవిడ ఇంట్లో వుందని తెలిసి, ఆవిడ లేనప్పుడు వెళ్ళి తీసుకుని ప్రాణం దక్కించుకుంటాడు. తప్పా, ఒప్పా? ప్రాణం పెద్దదనుకునేవారికి ఒక తీర్పు, ఆస్తిహక్కు పెద్దదనుకునేవారికి ఇంకో తీర్పు. సున్నలూ బాణాలూ అవే, వినేవారి మనసులో ఏది ముందో దాన్నిబట్టి బొమ్మ రంగు మారుతుంది.

మా అత్తగారికి డెబ్బైనాలుగేళ్ళు. తెనాలిలో సొంతింట్లో వొక్కరే వుంటారు. కొడుకులు ముగ్గురూ, అంటే మా బావగారు, మావారు, మా మరిది, హైదరాబాదులోనే స్థిరపడ్డారు. ఆ ఇల్లు అమ్మేసి ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురావాలన్న చర్చ రెండేళ్ళుగా నడుస్తోంది. కిందటి వేసవిలో అందరం తెనాలిలో కలిసినప్పుడు అది ముదిరింది. రెండుపూటలా అవే మాటలు, అదే వరస. మూడోరోజు మా అమ్మాయి విసిగిపోయి, “ఎవరేం అంటున్నారో చెప్పండి, గీస్తాను” అని లాప్‌టాప్ తెచ్చి మధ్యగదిలో పెట్టింది.

మొదటి సున్న మా బావగారిది. “అమ్మ పడిపోతే లేపే దిక్కులేదు, వొక్కత్తే వుండకూడదు.” దానిమీద అత్తగారి బాణం. “సంక్రాంతికి ముందు పెరట్లో జారిపడితే ఎదురింటావిడ అయిదు నిమిషాల్లో వచ్చి లేపింది. మీ ఫ్లాట్లో పొద్దున్న తొమ్మిదింటికి తాళం పడితే రాత్రి ఏడింటికిగాని తియ్యరు. అక్కడ పడితే ఎవరొస్తారు?” దీనికి బదులేమిటని మా అమ్మాయి అడిగింది. మా బావగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. మా పెద్ద తోడికోడలు “అత్తయ్యగారూ, కాఫీ కలపనా?” అంది. ఈ మాట అత్తగారు రెండేళ్ళుగా అంటున్నారు. రెండేళ్ళుగా అందరం విన్నాం, ఆ తరవాత ఎవరో వొకరు వేరే మాటెత్తుతారు. బొమ్మలో మాత్రం అది బాణం తగలని సున్నగా కళ్ళెదుట నిలబడింది.

అలాగని అన్నిట్లోనూ ఆవిడదే పైచేయి కాలేదు. ఇల్లు పాతదైపోయింది, మరమ్మతులకు తడిసి మోపెడవుతుందని మావారన్నారు. వెనకవాటా అద్దెతో చేయిస్తున్నాను గదా అని అత్తగారు. ఆ అద్దె సున్నాలకీ కుళాయిలకీ సరిపోతుంది గాని, రేపు పైకప్పు దింపాలంటే చాలదని మా మరిది. దానికి ఆవిడ దగ్గర జవాబు లేదు. మరమ్మతుల సున్న ఆకుపచ్చగానే మిగిలింది.

ఇప్పుడైతే మంచి ధర వస్తుంది అన్నదీ, ఆగితే ఇంకా పెరుగుతుంది అన్నదీ వొకదాన్నొకటి పొడుచుకుంటూ బూడిదరంగులో వుండిపోయాయి. ఆవిడ వస్తే ఎవరింట్లో వుండాలన్నది మరీ చిత్రం. మా బావగారింట్లోనా? అక్కడ మెట్లెక్కాలి, కింది అంతస్తు గనక మా ఇల్లే మేలు. మా ఇంట్లోనా? ఆస్పత్రి దూరం, మరిది ఇంటి పక్కనే ఆస్పత్రి, అదే మేలు. మరిది ఇంట్లోనా? విడిగా గది లేదు, బావగారింట్లో గది ఖాళీగా వుంది, అదే మేలు. మూడు సున్నలూ గుండ్రంగా నిలబడి తిరగలిలా తిరుగుతున్నాయి. మా అమ్మాయికి నవ్వాగలేదు. “ముగ్గురన్నదమ్ముల చక్రం నాన్నా, ఏ యంత్రమూ దీన్ని తెగ్గొట్టలేదు” అంది. మావారు నవ్వలేదు. మొత్తం పది సున్నల్లో అయిదు బూడిదరంగు.

అత్తగారు కళ్ళు చికిలించి చూస్తూ, “ఇందులో నాదెక్కడే?” అని అడిగారు. చూపించింది. ఆకుపచ్చ సున్న. “అంటే?” “నీ మాటకి ఎవరూ జవాబు చెప్పలేదు నానమ్మా. అందుకని పెదనాన్న మాట పడిపోయింది.”

ఆవిడ చాలాసేపు దాన్నే చూశారు. సంతోషిస్తారనుకున్నాం. కాఫీగ్లాసు కిందపెట్టి, “అయితే ఇంకోటి రాయి” అన్నారు. “పగలైతే ఎదురింటావిడ వస్తుంది. రాత్రి గడియ పెట్టుకున్నాక పడిపోతే ఎలా వస్తుంది? కేకేసినా వినబడదు. నాకు రాత్రిళ్ళు భయంగానే వుంటుంది.”

గదిలో ఎవరూ మాట్లాడలేదు. రెండేళ్ళలో ఆవిడ నోటివెంట ఈ మాట రాలేదు. ఎలా వస్తుంది? భయమని వొక్కసారి అంటే మర్నాడే సామాన్లు లారీ ఎక్కుతాయని ఆవిడకు తెలుసు. గెలవాలని కూర్చున్నచోట తన లోపం ఎవరు చెప్పుకుంటారు? మా అమ్మాయి గీసింది. కొత్త సున్న అత్తగారి సున్నకే తగిలింది. ఆవిడది ఎర్రబడింది, మా బావగారిది మళ్ళీ ఆకుపచ్చయింది. కాని ఆయన ముఖంలో గెలిచిన కళ ఏమీ లేదు.

అప్పుడు మాట్లాడింది, అంతదాకా కాఫీ తప్ప మరో మాటెత్తని మా పెద్ద తోడికోడలు. “వెనకవాటాలో నర్సింగు చదివే పిల్లలు ఇద్దరున్నారు గదా. వొక పిల్లని రాత్రిళ్ళు ముందుగదిలో పడుకోమంటే? ఆ పిల్ల అద్దె కాస్త తగ్గిద్దాం.” బాణం పడింది. రాత్రి భయం సున్న ఎర్రబడింది, అత్తగారిది తిరిగి లేచింది.

“అదంతా సరే” అన్నారు మా బావగారు. ఆయన గొంతు మారింది. “ముగ్గురు కొడుకులుండి తల్లినొక్కదాన్నీ వదిలేశారని వూళ్ళో అనుకోరూ? అది మీ బొమ్మలో ఎక్కడుంది?”

అదిగో, అసలు మాట అప్పుడు బయటపడింది. కిందపడటాలూ, పైకప్పులూ, రియల్ ఎస్టేటు రేట్లూ అన్నీ దాని చుట్టూ కట్టిన దడి. మా అమ్మాయి ఆ మాట రాసింది గాని, బాణం దేనికి తగిలించాలో తోచక నావంక చూసింది. కొడుకుల పరువు వొక విలువ, తల్లి తన గుమ్మంలో తాను వుండటం వొక విలువ. ఏది పైన పెడితే దాన్నిబట్టి బొమ్మ. లివర్‌పూల్ ఆయన చెప్పింది సరిగ్గా ఇదే గాని, ఏది పైన పెట్టాలో ఆయనా చెప్పలేదు.

“అనుకుంటారురా” అన్నారు అత్తగారు నెమ్మదిగా. “మీ నాన్న పోయినప్పుడూ ఏవో అనుకున్నారు. నువ్వు ప్రతినెలా రా. వచ్చి వీధరుగుమీద కూర్చో, నలుగురూ చూస్తారు.”

మా బావగారు ఆ తరవాతి నెల వెళ్ళారు, మరుసటి నెల వెళ్ళలేదు, ఆపైన మళ్ళీ వెళ్ళారు. నర్సింగు పిల్ల దసరా నుంచి ముందుగదిలో పడుకుంటోంది. అద్దెలో అయిదువందలు తగ్గించారు. ఆ పిల్ల రాత్రి పదకొండుదాకా ఫోన్లో మాట్లాడుతుందనీ, దాంతో తనకు నిద్రపట్టదనీ అత్తగారు ఫిర్యాదు చేస్తున్నారు. ఎవరింట్లో వుండాలన్న చక్రం ఇంకా తిరుగుతూనే వుంది. పైకప్పుకి మాత్రం వానలు పడేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. మేస్త్రీ వచ్చి చూసి, దూలం కూడా మార్చాలన్నాడట.